నేల మారకపోతే లెక్క తేలుతుందా? సింథటిక్ ట్రాక్ టిప్పుల మీద మా అభ్యంతరం

పోస్టు పొడుగైంది. టీ పెట్టుకుని కూర్చుని చదవండి, సగంలో వదిలేసి కామెంటు పెట్టకండి.

మన గ్రూపులో ఉగాది చందాలు, ఓటీలో ఎవరికో అద్దె ఇల్లు కావాలనే కబుర్లు, ఊరికెళ్ళే బస్సు టికెట్ల గొడవ తప్ప వేరే ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు రాత్రి పదిన్నర దాటాక గుర్రాల పేర్లు వస్తున్నాయి. ఇంగ్లండులో సాయంత్రం పందేలు మొదలయ్యే వేళ మనకది. చివరి పందెం అయ్యేసరికి రెండు కొడుతుంది. ఎస్టేటులో పొద్దున షిఫ్టుకి వెళ్ళాల్సిన పిల్లలు అప్పటిదాకా ఫోను పట్టుకుని కూర్చుంటున్నారు. తలా ఐదువందలు వేసుకుని వారం వారం ఒక "ప్యానెల్" నడుపుదామని పిలుపు కూడా వచ్చింది. దానికి మన సంఘం పేరు పెట్టారు. అందుకే నోరు విప్పాల్సి వచ్చింది.

ఎవరి పేరూ రాయం. ఆ పిలుపు ఇచ్చిన తమ్ముడు మనవాడే. పండగ పందిరికి గుంజలు మోసినవాడు, ఆస్పత్రిలో రాత్రంతా మనవాళ్ళకి తోడు కూర్చున్నవాడు. అతని మంచితనం మీద మాకు అనుమానం లేదు. అతను చెప్పిన లెక్క మీదే గొడవ.

అతని మాట ఇది. "అది పచ్చిక కాదు, సింథటిక్ ట్రాక్. వాన పడినా మంచు కురిసినా నేల మారదు. నేల మారకపోతే గుర్రం ఫామ్ మారదు. ఫామ్ మారకపోతే అది జూదం కాదు, లెక్క." చదివిన వెంటనే తల ఊపాలనిపించే మాట. మాలో ఇద్దరు ఊపారు కూడా. ఇందులో సగం నిజం. పూర్తి అబద్ధమైతే ఎవరూ ఐదువందలు తీసేవారు కాదు, మేమూ ఇంత రాసేవాళ్ళం కాదు.

ముందు ఆ నిజమైన సగం చూద్దాం. సింథటిక్ ట్రాక్ అంటే ప్లాస్టిక్ చాప పరిచినట్టు ఊహించుకోకండి. సన్నని ఇసుకలో సింథటిక్ పీచు, కొన్ని రకాల్లో రబ్బరు ముక్కలు కలిపి, మొత్తానికి మైనం పట్టిస్తారు. ఆ మైనమే ఇసుక రేణువుల్ని పట్టి ఉంచుతుంది. కింద నీళ్ళు దిగిపోయే పొరలు వేస్తారు. పాలీట్రాక్, టపెటా అనేవి ఇందులో పేరున్న రకాలు. పాలీట్రాక్ ఇంగ్లండులో మార్టిన్ కాలిన్స్ తయారుచేసింది. టపెటాని మైకేల్ డికిన్సన్ అనే గుర్రాల శిక్షకుడు తయారుచేశాడు. లాటిన్‌లో ఆ మాటకి తివాచీ అని అర్థమట. బ్రిటన్‌లో ఇలాంటి నేల మీద పందేలు 1989లో లింగ్‌ఫీల్డులో మొదలయ్యాయి. చలికాలంలో పచ్చిక గడ్డకట్టి పందేలు రద్దవుతుంటే, నష్టం తప్పించుకోవడానికి ఈ దారి పట్టారు. ఇప్పుడు అక్కడ ఇలాంటివి ఆరున్నాయి. లింగ్‌ఫీల్డు, కెంప్టన్, చెమ్స్‌ఫర్డ్ పాలీట్రాక్. వుల్వర్‌హాంప్టన్, న్యూకాసిల్, సౌత్‌వెల్ టపెటా. మన గ్రూపులో అర్ధరాత్రి తిరిగే పేర్లు ఇవే.

గుర్రానికి ఈ నేల మేలు చేస్తుందన్నది కూడా నిజమే. అమెరికాలో జాకీ క్లబ్ 2009 నుంచి పందేల్లో గాయపడి చనిపోయిన గుర్రాల లెక్క ఉంచుతోంది. 2022లో వెయ్యి పరుగులకి మట్టి ట్రాక్ మీద 1.44, పచ్చిక మీద 0.99, సింథటిక్ మీద 0.41 చావులు. మట్టితో పోలిస్తే మూడో వంతు కన్నా తక్కువ. ఈ అంకె మన గ్రూపులోకి కూడా వచ్చింది. కానీ దాని పక్కనున్న అంకె రాలేదు. మరుసటి ఏడాది, 2023లో, అదే సింథటిక్ మీద 0.97. ఒక్క ఏడాదిలో రెట్టింపు దాటింది. అప్పటికీ మట్టి కన్నా (1.43) తక్కువే, కాదనం. కానీ ఎప్పటికీ ఒకేలా ఉంటుందని చెప్పిన నేల మీదే చావుల లెక్క ఇలా ఊగింది.

ఇంకో సంగతి. గుర్రాలకి మేలని కాలిఫోర్నియా రేసింగ్ బోర్డు 2006లో పెద్ద ట్రాకులన్నీ 2007 చివరికల్లా సింథటిక్ వేయాలని ఆజ్ఞ ఇచ్చింది. కోట్లు పోసి వేశారు. శాంటా అనిటా 2010 చివరికి మళ్ళీ మట్టికి మారింది. కెంటకీలో కీన్‌లాండ్ 2006లో వేసి 2014లో తీసేసింది. కాలిఫోర్నియాలోని డెల్ మార్ 2007లో వేసి 2015లో తీసేసింది. దుబాయ్‌లో మేదాన్ 2010లో టపెటాతోనే తెరుచుకుంది, 2015 నాటికి మట్టికి వచ్చేసింది. ఖర్చు, నిర్వహణ, వెనక కాళ్ళకి వేరే రకం గాయాలొస్తున్నాయన్న ఫిర్యాదు, పెద్ద గుర్రాల యజమానులు రామనడం, కారణాలు చాలానే చెప్పారు. మట్టికి తిరిగొచ్చిన శాంటా అనిటాలో 2018 డిసెంబరు నుంచి 2019 జూన్ వరకు ఒక్క సీజన్లో 30 గుర్రాలు చనిపోయాయి. ఆ వార్త అప్పట్లో ప్రపంచమంతా తిరిగింది. కాబట్టి తమ్ముడు "సింథటిక్ అంటే సైన్సు" అన్నప్పుడు మేము అడిగేది ఒకటే. ఆ సైన్సు గుర్రం కాళ్ళ కోసం వచ్చింది. అది మన జేబుకి పనికొస్తుందని ఎవరు చెప్పారు?

ఇప్పుడు రెండో సగానికి వద్దాం. నేల మారదట.

మైనం గురించి మన ఇళ్ళలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఎండలో పెట్టిన కొవ్వొత్తి ఏమవుతుందో చిన్నపిల్లలకి కూడా తెలుసు. డెల్ మార్ సముద్రం ఒడ్డున ఉంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు గుర్రాలు సాధన చేసే నేల ఒకలా, మధ్యాహ్నం ఎండకి అదే నేల ఇంకోలా ఉంటోందని శిక్షకులు మొత్తుకున్నారు. అక్కడ పెద్ద పందెం పసిఫిక్ క్లాసిక్, మైలుంపావు. 2003లో మట్టి మీద క్యాండీ రైడ్ అనే గుర్రం దాన్ని 1 నిమిషం 59.11 సెకన్లలో పూర్తిచేసింది. 2007లో కొత్త పాలీట్రాక్ మీద గెలిచిన స్టూడెంట్ కౌన్సిల్‌కి 2 నిమిషాల 7.29 సెకన్లు పట్టింది. ఎనిమిది సెకన్లు పైగా. ఆ వేగంలో అది ఎంత దూరమో లెక్కేసుకోండి, నూటపాతిక మీటర్లు దాటుతుంది. అదే ఊరు, అదే దూరం. శాంటా అనిటాలో అయితే ఏ వానకీ చెదరదన్న నేల 2008 జనవరిలో వానకి నీళ్ళు దిగక నిలబడిపోయింది. రోజుల తరబడి పందేలు రద్దు చేశారు. చెన్నైలో 2015 డిసెంబరు చూసినవాళ్ళం మనం. నీళ్ళు దిగుతాయని కాగితం మీద రాసుకోవడం వేరు, నిజంగా దిగడం వేరు.

ఇప్పటి బ్రిటన్ ట్రాకులు అప్పటి డెల్ మార్ కన్నా బాగున్నాయనే అనుకుందాం. అక్కడ నేల పరిస్థితి ఏమని ప్రకటిస్తారో గమనించారా? దాదాపు ఎప్పుడూ ఒకటే మాట, "స్టాండర్డ్". మహా అయితే "స్టాండర్డ్ టు స్లో". తమ్ముడు దీన్ని సాక్ష్యంగా చూపిస్తున్నాడు, చూశారా మారడం లేదని. మాకు తిరగేసి అనిపిస్తుంది. పచ్చిక మీద గట్టి, మంచి, మెత్తన, బురద అని నాలుగైదు మెట్లుంటాయి, చదివేవాడికి ఏదో ఒకటి తెలుస్తుంది. ఇక్కడ ఉన్నది ఒక్క మాట. ఆ రోజు పొద్దున నేలని ఎంత లోతు దున్ని కలిపారో, మైనం కొత్తదో పాతదో, లోపలి కంచె పక్కన బిగుసుకుందో వదులుగా ఉందో ఆ మాటలో లేదు. అది ట్రాక్ మేనేజరుకి తెలుసు, రోజూ అక్కడే గుర్రం తోలే శిక్షకుడికి తెలుసు. పాడి దగ్గర గదిలో పడుకుని ఫోను చూసేవాడికి తెలియదు.

మన ప్రాంతం వాళ్ళకి ఈ విషయం చెప్పాల్సి రావడం మాకు వింతగా ఉంది. మనలో ఒంగోలు, నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు ఎంతమంది లేరు? బండలాగుడు పోటీల్లో పెద్దలు ఏం చేస్తారో చూసే ఉంటారు. ఎడ్లని చూసి మురిసిపోయేది పిల్లలు. అనుభవం ఉన్న రైతు ముందు చెప్పు విడిచి నేల మీద నిలబడతాడు. తడి ఎంత ఉంది, బండ జారుతుందా పట్టేస్తుందా, ఎడ్ల గిట్టలకి పట్టు దొరుకుతుందా అని పాదంతో చూస్తాడు. కిందటేడు వేరే ఊళ్ళో ఫస్టు వచ్చిన జత ఇక్కడ మూడోది రావడం మనకి వింత కాదు. "నేల కుదరలేదు" అంటారు, అయిపోయింది. ఆ రైతు మనవడు ఎనిమిది వేల కిలోమీటర్ల అవతల ఇసుక, పీచు, మైనం కలిపిన నేల మీద ఏ గుర్రం గెలుస్తుందో అర్ధరాత్రి పోస్టు పెడుతున్నాడు. దానికి లెక్క అని పేరు.

నేల మారితే గొప్ప గొప్పవాళ్ళ లెక్కలు ఎలా తిరగబడ్డాయో రెండు మూడు చెబుతాం. 2007లో కీన్‌లాండ్ పాలీట్రాక్ మీద బ్లూ గ్రాస్ స్టేక్స్ పందెంలో స్ట్రీట్ సెన్స్ అనే గుర్రాన్ని డొమినికన్ అనే గుర్రం ముక్కు తేడాతో ఓడించింది. మూడు వారాల్లో కెంటకీ డెర్బీ, మట్టి మీద. స్ట్రీట్ సెన్స్ గెలిచింది. డొమినికన్ ఎక్కడో వెనక మిగిలిపోయింది. మరుసటి ఏడాది బ్రీడర్స్ కప్ క్లాసిక్ శాంటా అనిటా సింథటిక్ మీద జరిగింది. మట్టి మీద అప్పటికి ప్రపంచంలోనే మేటి అనిపించుకున్న కర్లిన్ ఫేవరెట్. అది నాలుగోది వచ్చింది. మొదటి రెండు స్థానాలూ యూరప్‌లో పచ్చిక మీద పరిగెత్తే గుర్రాలకి పోయాయి. రేవెన్స్ పాస్ గెలిచింది. అమెరికా పందెంరాయుళ్ళు ఏళ్ళ తరబడి కూడబెట్టిన ఫామ్ పుస్తకాలు ఆ రెండు నిమిషాల్లో చిత్తుకాగితాలయ్యాయి.

వాళ్ళు పాఠం నేర్చుకున్నారా? నేర్చుకున్నారు, సింథటిక్ ఫామ్‌ని మట్టి మీద నమ్మకూడదని. 2022 కెంటకీ డెర్బీకి రిచ్ స్ట్రైక్ అనే గుర్రం ఆఖరి క్షణంలో, ఇంకో గుర్రం తప్పుకుంటే, లోపలికొచ్చింది. ఒకప్పుడు 30 వేల డాలర్లకి చేతులు మారిన గుర్రం. ఆ చలికాలమంతా టర్ఫ్‌వే పార్కులో టపెటా మీద పరిగెత్తింది. ఎవరు నమ్ముతారు? ఒకటికి ఎనభై ధర. గెలిచింది. రెండు డాలర్ల టికెట్టుకి 163 డాలర్ల 60 సెంట్లు. ఇది చదివి "చూశారా, కొడితే ఎంతొస్తుందో" అనే కామెంటు వస్తుందని మాకు తెలుసు. ఆ రోజు ఆ గుర్రం మీద వేయనివాళ్ళ డబ్బే ఆ 163 డాలర్లు. ఆ వేయనివాళ్ళలో జీవితమంతా ఇదే చదువుకున్న పండితులున్నారు.

జెన్యాటా కథ ఇంకా చిత్రం. వరుసగా 19 పందేలు గెలిచిన ఆడ గుర్రం. ఎక్కువ భాగం కాలిఫోర్నియా సింథటిక్ మీదే. 2009లో బ్రీడర్స్ కప్ క్లాసిక్‌లో మగ గుర్రాల్ని ఓడించింది, అదీ సింథటిక్ మీదే. ఇది ప్లాస్టిక్ రాణి, మట్టి మీద చూద్దాం అని ఎగతాళి చేశారు. కానీ ఆర్కన్సాలో మట్టి మీద కూడా గెలిచింది. 2010లో చర్చిల్ డౌన్స్ మట్టి మీద చివరి పందెం. అందరికన్నా వెనక నుంచి వచ్చి తల తేడాతో ఓడింది. నేల వల్లా, ఆలస్యంగా కదలడం వల్లా, ముందున్న బ్లేమ్ అనే గుర్రం ఆ రోజు మంచిది కావడం వల్లా? ఇప్పటికీ వాదులాడుకుంటూనే ఉన్నారు. అన్ని వీడియోలు, అన్ని అంకెలు ఉన్నవాళ్ళకే తెగని విషయం మన ప్యానెల్‌లో వారానికొకటి తేల్చేస్తామంటున్నారు.

నేల సంగతి పూర్తిగా పక్కన పెట్టండి. తమ్ముడు చెప్పిందే రైటు, నేల గాజు పలకలా ఎప్పటికీ మారదు, ఫామ్ అద్దంలా కనపడుతుంది అనుకుందాం. అప్పుడు డబ్బొస్తుందా?

టోట్ ఎలా నడుస్తుందో తెలిసినవాళ్ళు ఈ పేరా దాటేయొచ్చు. అందరి డబ్బూ ఒక కుండలో పడుతుంది. నిర్వాహకులు ముందు తమ వాటా తీసుకుంటారు. మిగిలింది గెలిచినవాళ్ళు పంచుకుంటారు. పదిమంది వెయ్యేసి వేశారు, కుండలో పదివేలు. వాటా ఇరవై శాతం అనుకుందాం. మిగిలింది ఎనిమిదివేలు. గుర్రం పచ్చిక మీద పరిగెత్తినా, మైనం మీద పరిగెత్తినా, గాల్లో ఎగిరినా, పదిమంది జేబుల్లోకి తిరిగొచ్చేది ఎనిమిదివేలే. నేల నికరంగా ఉండి ఫలానా గుర్రం గెలుస్తుందని నీకు తెలిస్తే, అదే నేల మిగతా తొమ్మిదిమందికీ కనపడుతోంది. అందరూ అదే గుర్రం మీద వేస్తారు. ధర పడిపోతుంది. ముప్పావలా లాభం కోసం రూపాయి పణంగా పెడతావు. బుకీ దగ్గరైనా ఇంతే, కుండకి బదులు అతని ధరలో ఆ వాటా దాగి ఉంటుంది. ఏ దేశంలో చూసినా ఫేవరెట్ గెలిచేది సుమారుగా మూడు పందేలకి ఒకటి. మూడుకి రెండుసార్లు అందరి తెలివీ తప్పుతుంది. నీకు లాభం రావాలంటే నేల గురించి నీకు తెలిస్తే చాలదు, మిగతావాళ్ళకి తెలియకూడదు. లింగ్‌ఫీల్డు నేల గురించి లింగ్‌ఫీల్డు వాళ్ళకి తెలియనిది అంబత్తూరులో ఎవరికి తెలుసు?

చట్టబద్ధంగా మన దేశంలో వేసేవాళ్ళకి దీని మీద పన్ను కూడా ఉంది. 2023 అక్టోబరు 1 నుంచి గుర్రప్పందేల మీద వేసిన పూర్తి మొత్తానికి 28 శాతం జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం. లాభం మీద కాదు, వేసిన డబ్బు మీద. ఇది విన్నాకే మనవాళ్ళు "అందుకే మనం ఫోన్లో, బయట వేస్తున్నాం, పన్ను లేదు" అన్నారు. అంటే బయట వేసేది చట్టానికి బయటని మీ నోటితోనే చెప్పారు.

చట్టం అనగానే ఒకరు పెద్ద బాణం వేశారు. గుర్రప్పందెం జూదం కాదని సుప్రీంకోర్టే చెప్పింది కదా అని. చెప్పింది, అదీ మన ఊరి కేసులోనే. గుర్రప్పందేల మీద బెట్టింగు రద్దు చేస్తూ తమిళనాడు ప్రభుత్వం 1974లో చట్టం చేసింది. 1986లో మద్రాస్ రేస్ క్లబ్బునే స్వాధీనం చేసుకునే చట్టం తెచ్చింది. డాక్టర్ కె.ఆర్. లక్ష్మణన్ కేసులో 1996లో సుప్రీంకోర్టు ఆ రెండో చట్టాన్ని కొట్టేసింది. గుర్రం సత్తా, జాకీ నేర్పు, ఫామ్, మోసే బరువు, దూరం, ఇవన్నీ అంచనా వేయగలిగినవి కాబట్టి ఇందులో నైపుణ్యానిదే పైచేయి అంది. మన తెలుగువాళ్ళ రమ్మీకి కూడా ఇదే నీడ దొరికింది, 1968లో రిపోర్టయిన సత్యనారాయణ కేసులో, సికింద్రాబాదు క్లబ్బు గొడవలో.

ఆ తీర్పుని మేము కాదనడం లేదు. కానీ నైపుణ్యమన్నది ఎవరిదో అడగండి. గిండీలో ప్యాడక్ దగ్గర నిలబడి, గుర్రం చెవులు, చెమట, నడక చూసి, చేతిలో రేసు పుస్తకం తిరగేసి, పచ్చిక మీద తన కళ్ళతో చూసినవాడిది నైపుణ్యమంటే ఒప్పుకుంటాం. మన రేసు క్లబ్బులు నేల గట్టితనం కొలిచి పెనిట్రోమీటర్ రీడింగ్ అని ప్రకటిస్తాయి. బరువు వదిలితే ఇనప కడ్డీ నేలలోకి ఎంత దిగిందో చూసే సాధనం అది. వానాకాలం హైదరాబాదు మలక్‌పేటలో ఆ అంకె చూడకుండా పందెం వేసే పాతకాపు ఉండడు. ఆ పాతకాపే ఏడాది చివర లెక్క చూసుకుంటే ఎలా తేలుతుందో మన ఇళ్ళలో కొందరికి తెలుసు. ఇంక టిప్పు చూసి బొటనవేలితో నొక్కేవాడి నైపుణ్యం ఎక్కడుంది? అరువు తెచ్చుకున్న నైపుణ్యానికి ఆ తీర్పు గొడుగు పట్టదు. పైగా పార్లమెంటు 2025 ఆగస్టులో చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా అదృష్టమా అని అడగనే అడగదు. ఆన్‌లైన్లో డబ్బు పెట్టి ఆడించడమే నేరమంటుంది. ప్రచారం చేసినవాళ్ళకి కూడా రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా రాసి ఉంది. మన గ్రూపు అడ్మిన్లు ముగ్గురూ సంసారులు. ఒకసారి ఆలోచించండి.

"గిండీ ఉన్నప్పుడు మీ పెద్దలు వెళ్ళలేదా, ఇప్పుడు నీతులా" అని మమ్మల్ని నిలదీశారు. వెళ్ళారు. దాచేదేముంది? అంబత్తూరులో లోకల్ ఎక్కి సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి పార్క్ స్టేషన్లో బండి మారి గిండీ వెళ్ళేవాళ్ళు. తిరిగొచ్చేటప్పుడు టికెట్టు డబ్బులు లేక నడిచిన కథలు మా ఇళ్ళలోనూ ఉన్నాయి. కానీ ఆ రోజుల్లో పందెం వేయాలంటే పొద్దున్నే స్నానం చేసి చొక్కా వేసుకుని రెండు రైళ్ళు మారాలి. ఆ రోజు అక్కడ ఎన్ని పందేలుంటే అన్నే. చివరి పందెం అయ్యాక గేటు మూసేవాళ్ళు, జేబులో మిగిలింది ఇంటికొచ్చేది. ఇప్పుడు గేటు లేదు. వుల్వర్‌హాంప్టన్ అయిపోతే ఇంకో దేశం మొదలవుతుంది. వాన, మంచు, ఎండ ఏదొచ్చినా పందెం ఆగకూడదనే కదా సింథటిక్ నేల వేసింది. ఆగని పందెం నడిపేవాడికి లాభం. వేసేవాడికి ఆగడమే కావాలి.

గిండీ సంగతి ఎలాగూ మీకు తెలుసు. 1945లో 99 ఏళ్ళకి ఇచ్చిన 160 ఎకరాల లీజుని రద్దు చేసి, అద్దె బకాయిల గొడవలో 2024 సెప్టెంబరు 9న ప్రభుత్వం సీలు వేసింది. విషయం కోర్టులకెక్కింది. ఊటీ రేస్ కోర్సు అదే ఏడాది జూన్‌లో పోయింది. అక్కడ చెరువులా, పార్కా, పందేలా అన్నది ఇంకో రోజు వాదించుకుందాం, అందులో మాలోనే రెండు పక్షాలున్నాయి. గిండీకి సీలు పడిన దగ్గర్నుంచి మనవాళ్ళు కొందరు ఫోను వైపు తిరిగారన్నది మాత్రం మా కళ్ళెదుట జరిగింది.

నేల చెడితే పందెం వేసినవాడు ఏం చేయగలడో 2019 నవంబరులో బెంగళూరు చూసింది. మొదటి పందెంలోనే గుర్రం జారిపడి, వెనక వచ్చేవి దాని మీద పడ్డాయి. జాకీలకి దెబ్బలు. పందేలు ఆపేశారు. డబ్బు వాపసు ఇవ్వమని జనం కుర్చీలు, అద్దాలు పగలగొట్టారు. పగలగొట్టడం తప్పే. కానీ వాళ్ళకి అడగడానికి ఒక క్లబ్బు, ఒక కౌంటరు ఎదురుగా ఉన్నాయి. న్యూకాసిల్‌లో ఆ రాత్రి ఏమైందో, నువ్వు వేసిన ధరే నీకు ఇచ్చారో లేదో, నువ్వు ఎవరిని వెళ్ళి అడుగుతావు? నంబరు మారిపోతుంది. గ్రూపు మాయమవుతుంది.

ఇంకొక్క మాట, ఇది చెప్పడం మాకు ఇష్టం లేదు గానీ తప్పదు. గ్రూపులో గెలిచిన స్క్రీన్‌షాట్లే వస్తున్నాయి. ఓడినవి ఎవరూ పెట్టరు. పోయిన నెల మనలో ఒకరి ఇంట్లో చెవి దుద్దులు తాకట్టుకి వెళ్ళాయి. ఆ అమ్మ మాలో ఒకరి ఇంటికొచ్చి అడిగింది, "అన్నా, సంఘం వాళ్ళదే అన్నారు కదా, సంఘం వాపసు ఇస్తుందా" అని. సంఘం పేరుందని నమ్మింది ఆవిడ. ఆవిడకి మేమేం జవాబు చెప్పాలో ప్యానెల్ వాళ్ళు రాసివ్వండి.

ఆదివారం మీటింగులో మేము అడగబోయేవి ముందే చెబుతున్నాం, తరవాత వెనక నుంచి పొడిచారని అనకూడదు. ప్యానెల్‌కి సంఘం పేరు, సంఘం గ్రూపు, సంఘం హాలు వాడకూడదు. ఇప్పటిదాకా వసూలైన ఐదువందలు ఎవరివి వాళ్ళకి పండగ లోపు వెనక్కి ఇవ్వాలి, ఎవరికెంత అన్నది కాగితం మీద రాయాలి. ఇప్పటివరకు ఇచ్చిన టిప్పులన్నీ, గెలిచినవీ ఓడినవీ, తేదీ, ట్రాక్, ధరతో సహా ఒక్కచోట పెట్టాలి. నిజంగా లెక్కే అయితే లెక్క చూపించడానికి అభ్యంతరం ఉండకూడదు కదా. అది చూశాక మేము చెప్పింది తప్పని తేలితే, ఇదే గోడ మీద, ఇంతే పొడుగు పోస్టులో క్షమాపణ రాస్తాం.

తమ్ముడూ, నువ్వు తప్పకుండా రా. కోపంతో రాకు. గుర్రాల గురించి నీకు మాకన్నా నిజంగానే ఎక్కువ తెలుసు. జెన్యాటా వీడియో మొదట చూపించింది నువ్వే. దుద్దుల సంగతి నీకు విడిగా ఫోన్ చేసి చెప్తాం, ఇక్కడ కామెంట్లలో ఎవరూ ఆ ఇల్లు ఏదో అడగొద్దు.